బుల్లమ్మ పడవెక్కింది

అనకాపల్లి చేపల మార్కెట్లో బుల్లమ్మ దగ్గర చేప కొనడం తేలిక, ఊరికే చూసి వెళ్ళిపోవడమే కష్టం. కోనెం చేప మొప్ప ఎత్తి చూపిస్తుంది, ఇంట్లో వాళ్ళందరి బాగోగులూ అడుగుతుంది, మీ కోడలు పులుసు ఎక్కడ పాడుచేస్తోందో మీరు చెప్పకుండానే చెప్పేస్తుంది. పుట్టిందీ మెట్టిందీ పూడిమడకలో, సముద్రం ఒడ్డునే. మొగుడు నూకరాజు మోకాళ్ళు అరిగి చేపల వేట మానేశాక ఇద్దరూ టౌన్లోకి వచ్చేశారు. ఇప్పుడు ఆయన పనల్లా ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ ప్రతి మాటనీ సరిదిద్దడం. ఆవిడ పని అది వినిపించుకోకపోవడం.

అంత నోరూ మూతపడే మాట ఒక్కటే ఉంది. "సముద్రం గురించి నీకేటి తెలుసే?" అంటాడాయన. నిజమే మరి. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు పడవెక్కరు. ఎక్కితే వేట పడదని పెద్దల మాట. చేపని మొయ్యొచ్చు, కొయ్యొచ్చు, ఎండబెట్టొచ్చు, అమ్మొచ్చు, పడవలో మాత్రం కాలు పెట్టకూడదు. మొగుణ్ణి సాగనంపి, పడవ కనుమరుగయ్యేదాకా ఒడ్డున నిలబడి చూడడమే బుల్లమ్మకి తెలిసిన సముద్రం. ఆ పడవలోంచి వెనక్కి చూస్తే ఒడ్డు ఎలా ఉంటుందో, ఒడ్డున నిలబడ్డ మనిషి ఎలా కనపడుతుందో ఒక్కసారి చూడాలని పెళ్ళయిన కొత్తలో కోరిక పుట్టింది. ఆ వయసులో పుట్టిన కోరికలన్నీ ఎప్పుడో పోయాయి గానీ, ఇదొక్కటీ మొండిది.

ధనరాజ్ ఆవిడకి పాత ఖాతాదారు. మెయిన్ రోడ్డులో ఒక మేడ మీద వీఆర్ గేముల షాపు పెట్టాడు. ఓ ఆదివారం చేపలివ్వడానికి మెట్లెక్కిన బుల్లమ్మకి, పెళ్ళాం బిడ్డలున్న ఆ మనిషి కళ్ళకి డబ్బా కట్టుకుని గాలిని గుద్దుతూ కనపడ్డాడు.

"ఏటి బాబూ, గాలేటైనా సోకిందా?"

"గేమత్తా! ఇది పెట్టుకుంటే మనం అందులోనే ఉన్నట్టుంటాది. కార్లున్నాయి, కొండలున్నాయి, పడవుంది..."

పడవ తర్వాత ఏమున్నాయో బుల్లమ్మకి వినపడలేదు. చేపలు అప్పగించి, ఖాళీ బేసిను కిందపెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, "పెట్టు" అంది.

ధనరాజ్ చెప్పాడు. ముందు కూర్చోమన్నాడు, మొదటిరోజే పడవ వద్దన్నాడు, చిన్నవాటితో మొదలెడదామన్నాడు. సముద్రం ఒడ్డున పుట్టినదానికి చెప్పొచ్చేడన్నట్టు చూసిందావిడ. అప్పటికే కడుపునిండా చద్దన్నమూ, అందులోకి ఎండుచేపల వేపుడూ పడి ఉన్నాయి. నిలబడే పడవెక్కింది. మొదటి కెరటానికి "అమ్మో" అంది. రెండో కెరటానికి ఏమీ అనలేదు. మూడో కెరటానికి ఒళ్ళంతా చల్లటి చెమట పట్టి, నోట్లో నీళ్ళూరి, డబ్బా ఊడబీక్కుని తన బేసిన్లోనే కక్కుకుంది. చేపలు అప్పటికే అప్పగించేసింది కాబట్టి ఆదివారం కూర దక్కింది.

వెనకాలే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన నూకరాజు గోడ పట్టుకుని మరీ నవ్వాడు. "సూసేవా? అందుకేనే ఆడోళ్ళని పడవెక్కనివ్వరు!"

"అయితే నువ్వెక్కు మావా, సూత్తాను."

ఆయన లుంగీ ఎగ్గట్టి, తుఫానులు చూసిన మనిషిలా నిలబడ్డాడు. తుఫానులు చూడడమే కొంప ముంచింది. కళ్ళ ముందు పడవ లేవగానే కాళ్ళ కింద బల్ల కూడా లేస్తుందని జీవితమంతా సముద్రం మీద బతికిన ఒళ్ళు కాచుకుని కూర్చుంది. బల్ల లేవలేదు, నూకరాజు కూలబడ్డాడు. బుల్లమ్మ నిలిచినంత సేపు కూడా నిలవలేకపోయాడు. పొద్దున తాగిన టీ మంచిది కాదన్నాడు. ఆ రోజు నుంచీ మోకాళ్ళ నొప్పని చెప్పి కింద మెట్ల దగ్గరే ఆగిపోయేవాడు.

"ఇందులో మీ తప్పేం లేదత్తా," అని ధనరాజ్ విడమరిచి చెప్పాడు. "కదిలేమని కళ్ళంటాయి, కదల్లేదని ఒళ్ళంటాది. ఆ తగువులో కడుపు నలిగిపోతాది."

"మా అత్తకీ ఆడబిడ్డకీ మజ్జిన నాను నలగలేదేటి? అలాటిదేనన్నమాట," అంది బుల్లమ్మ. ఇక చెప్పించుకోవలసిన అవసరం లేకపోయింది.

బేరాలు అయిపోయాక రోజూ మేడెక్కేది. కూర్చునే ఆడేది. మొదట మనిషి కదలక్కర్లేని ఆటలు పెట్టాడు. ఉన్నచోటే ఉండి, ఎగిరొచ్చే కాయల్ని నరకడం ఒకటి. అందులో ఆవిడ చెయ్యి చూసి ధనరాజ్ కాస్త దూరం జరిగి నిలబడ్డాడు. తర్వాత నడక ఆటలు. అందులోనూ జారుకుంటూ పోయే నడక కాదు, ఇక్కడ మాయమై అక్కడ తేలే రకం. మొహానికి ఎదురుగా ఫ్యాను పెట్టేవాడు. ఆ గాలి తగులుతుంటే ముందేదో వెనకేదో ఒంటికి గుర్తుంటుందట. బొమ్మ మసకగా ఉన్నా తల తిరుగుతుందని డబ్బా బెల్టు సరిగ్గా బిగించేవాడు. తిండి కొంచెం తిని రమ్మన్నాడు, ఖాళీ కడుపుతో మాత్రం వద్దన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆవులింతలొచ్చినా నోట్లో నీళ్ళూరినా వెంటనే తీసెయ్యమన్నాడు.

ఓర్చుకోవడం అలవాటైన మనిషికి ఆ ఆఖరిమాట ఎక్కలేదు. ఒకసారి పళ్ళు బిగబట్టి ఆడింది. మర్నాడంతా మార్కెట్లో నేల ఊగింది, ఒకరి కవళ్ళ చేపలు ఇంకొకరి సంచిలో పడ్డాయి. అప్పట్నుంచి బుద్ధిగా ముందే తీసేసి, కాసిని మంచినీళ్ళు తాగి, బయట వరండాలో నిలబడి దూరంగా కొండకేసి చూసొచ్చేది. పోనుపోను ఒళ్ళూ కళ్ళూ రాజీపడ్డాయి.

ఆఖరికి ధనరాజే, "ఇవాళ పడవెక్కుదాం అత్తా," అన్నాడు. సంగతి తెలిసి నూకరాజు మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పైకొచ్చాడు. ఆవిడ పడుతుంటే చూద్దామనే వచ్చాడు, అందులో అనుమానం లేదు.

బుల్లమ్మ కుర్చీలో కూర్చుంది. కెరటం లేచింది. ఒళ్ళు కొంచెం ముందుకి వంచి దాన్ని దాటనిచ్చింది. ఇంకోటి దాటింది. తెల్లనురుగు వెనకబడి నీళ్ళు నల్లబడ్డాయి.

"బాగుందత్తా! ఎనక్కి మాత్రం తిరక్కు, చాలామంది అక్కడే తీసెయ్యమంటారు."

"ఎనక్కి సూడ్డానికే కదా బాబూ ఎక్కింది," అని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మెల్లగా తిరిగింది.

ఒడ్డు కనపడింది. పొడుగ్గా, పచ్చగా, చక్కగా ఉంది. ఎంతసేపు చూసినా అంతే ఉంది. కడుపులో ఏ బాధా లేదు. అయినా డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గట్టు మీద ఎవులూ లేరేటి బాబూ?"

"గేమ్ కదత్తా. ఎవర్నీ పెట్టలేదు."

"మనిషి లేకపోతే ఇంక అదేం గట్టు?" బుల్లమ్మకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మొగుడికేసి తిరిగింది. "మావా, నిజం సెప్పు. ఎల్లేటప్పుడు నాను నీకు అగుపడీదాన్నా?"

నూకరాజు వెటకారమాడలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు మరి.

"అగుపడకేటి? మొకం ఆనీది కాదు గానీ సీర తెలిసీది. ఎర్ర సీర. అందరికన్నా ముందుకొచ్చి, నీళ్ళ అంచునే నిలబడీదానివి. దాన్ని సూసుకునే ఎల్లీవోణ్ణి. వచ్చేటప్పుడూ ముందు దాన్నే ఎతికీవోణ్ణి. అది అగుపడితే పాణం కుదుటపడీది."

ధనరాజ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. బుల్లమ్మ మాత్రం మొగుడి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"నాకు ఎర్ర సీరెక్కడిది మావా?"

"అదేటి?"

"ఎర్ర సీర మన పక్కింటి మరిడమ్మది. ఆళ్ళాయన కోసం ఆవిడ అంచుదాకా ఒచ్చీది. నాకు ఏడుపొత్తాదని నాను ఎనకాల, వలలు ఆరేసిన కాడ నిలబడీదాన్ని."

నూకరాజు నోరు తెరిచాడు. సరిదిద్దడానికి ఏమీ దొరకలేదు. అంత పెద్ద మనిషీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చేతుల్లోకి చూసుకున్నాడు. ఆవిడ లేచి, బేసిను చంకనెట్టుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లకేసి నడిపించింది.

"పోన్లే," అంది. "ఎవుల్ని సూసుకుంటేనేటి, ఇంటికైతే వచ్చేవు."