డాక్టరమ్మ గేటు ముందు అమ్మ

గోదావరిఖని బస్టాండు పక్కన ఒక టీకొట్టులో ఇప్పటికీ బొగ్గుపొయ్యే రాజేస్తారు. మొన్న బస్సు దిగగానే ఆ పచ్చిపొగ ముక్కుకు తగిలి, చిన్నప్పటి మా బొగ్గుగని క్వార్టర్ల లైను కళ్లముందుకొచ్చింది. వానలు వెనకబట్టి, తంగేడు పూసి, ఆడవాళ్లు బతుకమ్మ సత్తుపిండికి మక్కలు వేయించే రోజుల్లో, సాయంత్రమయ్యేసరికి ఇంటింటి ముందు రాజేసిన పొయ్యిల పొగ పైకి పోలేక, కచ్చకాయలాడే మా తలల మీదే తెరలా నిలిచిపోయేది.

ఆ పొగలోనే రెండేళ్ల మా తమ్ముడు రాజేశానికి ఆయాసం పట్టుకుంది. నాయినమ్మ వస అరగదీసి నాకించింది. దవాఖాన మందుకు కాస్త నిమ్మళించి, మళ్లీ డొక్కలెగరేసేవాడు. చిన్నపిల్లల డాక్టరు కావాలంటే రైలెక్కి వరంగల్లు పోవాలనేవారు.

ఒకనాడు నల్లా దగ్గర, ఆఫీసర్ల బంగ్లాల్లో పనిచేసే ఎల్లవ్వ చెప్పింది: కొత్తగా వచ్చిన ఇంజనీరుగారి భార్య చిన్నపిల్లల వైద్యమే చదివిందట, పెళ్లయ్యాక మానేసిందట. అమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చి తమ్ముణ్ణి చంకనేసుకుంది. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన బాపు అడ్డం నిలబడ్డాడు.

"ఆఫీసరింటికి పోతవా? నా నౌకరి తీయిస్తవా ఏంది?"

"నౌకరి పోతె ఇంకోటి దొరుకుతది. పోరడు పోతె?"

బాపు పక్కకు జరిగాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని నడిచాను.

గేటు దాకా వచ్చిన ఆమె సన్నగా, మా కంటికి ఇంకా చదువుకునే పిల్లలాగే ఉంది. "నేనిప్పుడు వైద్యం చెయ్యట్లేదమ్మా. ఆసుపత్రికే తీసుకెళ్ళు" అంది.

"ఆడికి పోతనే ఉన్నమమ్మా, తగ్గుతలేదు. పిల్లల రోగాలు సదివినోళ్లు ఈడ మీరొక్కరే ఉన్నరు. మీరు చూసెదాక నేను లేవ" అని అమ్మ అక్కడే మట్టిలో కూర్చుంది.

ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఎండ ముదిరింది. తమ్ముడు దగ్గి దగ్గి సొమ్మసిల్లాడు. ఆ దగ్గు ఆగడం లోపలికి వినిపించిందో ఏమో, ఆమె స్టెతస్కోపుతో చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని తమ్ముడి వీపు మీద పెట్టి విన్నది. "నెమ్ము చేరింది. పదండి" అంటూ ఇంటి జీపులోనే మమ్మల్ని దవాఖానకు తీసుకుపోయి, అక్కడి డాక్టరుతో మాట్లాడి, తన చేతులతోనే సూది వేసింది. వాడు లేచి "బువ్వ" అని అడిగేదాకా రోజూ వచ్చి చూసింది. అప్పటిదాకా కంట తడిపెట్టని అమ్మ ఆ మాటకు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పిల్లలకు పొగ తగలొద్దని డాక్టరమ్మ చెప్పిందని, అమ్మ లైనంతా తిరిగి ప్రతి పొయ్యినీ పెరటి చివరకు జరిపించింది. బతుకమ్మనాడు సత్తుముద్దలతో పాటు పక్కింటి ఖాజాబీ బిడ్డనూ వెంటేసుకుని బంగ్లాకు పోయింది.

"ఈ పిల్లెవరు?"

"దీనికి గూడ దగ్గేనమ్మా."

డాక్టరమ్మ నవ్వేసింది. ఆ తర్వాత పొద్దున్నే ఆ వరండా నిండా పిల్లలే, ఆమె భర్తకు బదిలీ అయ్యేదాకా.

ఇప్పుడు ఊళ్లో పిల్లల డాక్టర్ల బోర్డులు సందుకొకటి ఉన్నాయి. మా లైను, ఆ బంగ్లాలు ఓపెన్‌కాస్టు గని తవ్వకంలో కలిసిపోయాయి. అక్కడ గొయ్యి తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ ఏ ఊళ్లో ఉందో తెలుసుకోవాలని, కనబడిన ఇంజనీరునల్లా ఆపి అడిగేది అమ్మ. పోయిన ఏడు, మంచాన పడ్డాక కూడా, చూడవచ్చిన వాళ్లను అడుగుతూనే కన్నుమూసింది.