గీరే పాళీ

నా చేతులు ఊరికే ఉండవు. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే అన్నం సయించదు. గోడ మీద పటం ఒక వైపుకు వాలితే సరిచేసేదాకా ఇంకో పని తోచదు. "దీనికి కుదురనేది పుట్టుకతోనే లేదు" అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అట్లాంటి నేను, తిరుపతిలో మా రెండు గదుల ఇంట్లో, నాయన పెన్ను కాగితం మీద గీరే చప్పుడును రెండేళ్లు ఓర్చుకున్నాను.

నాయన చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు బడి అయివారుగా పనిచేసి రిటైరయ్యాక, అమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చేశాడు. ఆయన దగ్గర లావుపాటి నల్ల ఇంకు పెన్ను ఒకటి ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున వరండాలో పాత పేపరు పరుచుకుని, దాన్ని మరలు విప్పి, గోరువెచ్చని నీళ్లలో నానేసి, చిరిగిన బనీను గుడ్డతో ప్రతి ముక్కా తుడిచేవాడు. ఒక ఆదివారం పాళీ ఆయన వేళ్లలోంచి జారి తూము దాకా దొర్లింది. నేను పరిగెత్తి పట్టుకున్నాను. "నాకు కండ్లు ఆనడంలేదు పాపా, ఇంగ నువ్వే కడుగు" అన్నాడు. "కడిగేది కడుగు గానీ, పాళీ జోలికి మాత్రం పోవద్దు." కండ్లే అనుకున్నాను నేను.

ఆ పెన్నుకు ఒక చరిత్ర ఉంది. తొంభైల మొదట్లో పల్లెల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే బళ్లు నడిచిన రోజుల్లో, సాయంత్రం చేలోంచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నాయన అక్షరాలు దిద్దించేవాడు. వేలిముద్ర అంటే ఆయనకు ఒళ్లు మంట. "పేరు పెట్టేది పిలిచేదానికే గాదప్పా, రాసుకునేదానికి గూడా" అనేవాడు. ఎవరికైనా పేరు రాయడం వస్తే, మొదటి సంతకం తన పెన్నుతోనే పెట్టించేవాడు. గడ్డపార పట్టిన చేతులు, ఆ పాళీని కూడా గడ్డపార మాదిరే నొక్కేవి. సంతకం అయ్యాక వాళ్ల ఎడమ బొటనవేలు పట్టుకుని, "ఇంగ దీనికి పన్లేదు" అని నవ్వేవాడు. ఇంకొకరి చేతికి పెన్ను ఇస్తే పాళీ పాడవుతుందని అందరికీ చెప్పే మనిషి, తన పెన్ను మాత్రం ఊరందరి చేతా నొక్కించాడు.

ఏటా నవంబరులో, తాను బతికే ఉన్నానని బ్యాంకులో సంతకం పెట్టి వస్తేనే పింఛను ఆగకుండా వస్తుంది. ముందటి ఏడు గుమస్తా ఆయన సంతకాన్ని, పాత సంతకాన్ని పక్కపక్కన పెట్టి రెండు మూడుసార్లు చూశాడు. "వచ్చే ఏడు కొంచెం కుదురుగా పెట్టండి సార్, లేకుంటే వేలిముద్ర వేయించుకోవాల్సి వస్తుంది" అన్నాడు మర్యాదగానే. ఆ మాట నాయనను లోపల తినేసింది. ఆ తర్వాతి అక్టోబరు వచ్చేసరికి పాత క్యాలెండరు కాగితాల వెనక రోజూ సంతకం సాధన చేస్తున్నాడు. పేరు, కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. పక్క గదిలో నాకు గర్రు గర్రుమని చప్పుడు. ఇంత గీరే పాళీతో ఎవరి సంతకం మాత్రం కుదురుతుందని నా కోపం.

ఒక ఆదివారం అమ్మా నాయనా కాణిపాకం బస్సెక్కారు. ఇంట్లో నేను, పెన్ను మిగిలాం. నా సంగతి తెలిసిందే కదా. పాళీని భూతద్దం కింద పెట్టి చూస్తే రెండు కొనల్లో ఒకటి పైకి లేచి ఉంది. గోటితో నొక్కి సమం చేశాను. మధ్య చీలికలో ఎండిన ఇంకును సగం బ్లేడుతో గీకి తీశాను. గంధం తీసే సాన మీద నీళ్లు చల్లి, పాళీతో దాని మీద ర, ర, ర అని గుండ్రంగా రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి చప్పుడు పోయింది. కాగితం మీద వెన్న రాసినట్టు జారిపోతోంది. చెయ్యి తిరిగిన పనివాళ్లు కూడా ఇంత బాగా చేయరని నన్ను నేనే మెచ్చుకున్నాను.

వాళ్లు వచ్చి చెప్పులు విడవకముందే పెన్ను చేతికిచ్చాను. నాయన కూర్చుని సంతకం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం వచ్చింది. రెండోది మొదటిదాని మీదికి ఎక్కింది. కింది గీత కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఇంకోసారి పెట్టాడు, ఇంకోసారి. నాలుగోసారి క్యాపు బిగించేశాడు.

"గీరతా ఉంటే చెయ్యి యాడుండాదో తెలస్తా ఉండె పాపా" అన్నాడు. "ఇప్పుడు కాగితం మింద ఉండానా, గాల్లో ఉండానా, ఏమీ తెలవడంలేదు."

అప్పుడు చూశాను ఆయన చేతిని. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ చూడనిది. చెయ్యి వణుకుతోంది. కండ్లు కాదు, ఎప్పుడూ కండ్లు కాదు. ఆ గరుకు మీద చేతిని ఆనించి, వణుకును అదుముకుని రాసేవాడు. ఊళ్లోవాళ్లు నొక్కి నొక్కి పెట్టిన గరుకు అది. ఒక్క పూటలో నేను అరగదీసేశాను.

"వినాయకుణ్ణి సెయ్యబోతే..." అని మొదలుపెట్టి అమ్మ ఆపేసింది. పూర్తిగా తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత పది రోజులు నాకు ఆఫీసులో పని సాగలేదు. ఇంటికి రాగానే పెన్ను పట్టుకునేదాన్ని. అగ్గిపెట్టె గరుకు వైపు మీద పాళీని రుద్దాను, గచ్చు మీద రుద్దాను, ఇటుక ముక్క మీద కూడా రుద్దాను. గరుకు వచ్చింది గానీ అది ఆయన గరుకు కాదు. కాగితం చిరిగేది, ఇంకు మడుగు కట్టేది. చివరికి అసలు రాయడమే మానేసింది. రాయించడానికి మళ్లీ సాన మీద నున్నగా తీయక తప్పలేదు. బాగుచేయడం వచ్చింది గానీ చెడగొట్టడం చేతకాలేదు నాకు. నాయన బాల్ పెన్ను కూడా పట్టి చూశాడు, అది సన్నగా ఉండి ఆయన వేళ్లలో నిలవలేదు.

నవంబరులో బ్యాంకుకు పోయాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకు పెన్ను పెట్టుకున్నాడు. గుమస్తా ముందు మూడుసార్లు ప్రయత్నించాడు. వెనక వరుసలో ఎవరో దగ్గారు. గుమస్తా ఇంకో కాగితం తీయబోతుంటే, నాయన తనంతట తానే ఎడమ చెయ్యి చాపాడు.

గుమస్తా బొటనవేలిని ఇంకు ప్యాడు మీద నొక్కి, కాగితం మీద ఆనించాడు. నాయన జేబులోంచి బనీను గుడ్డ తీసి వేలు తుడుచుకున్నాడు. నీలి రంగు పూర్తిగా పోలేదు. "దీనికి మళ్లా పనొచ్చింది సూడు" అన్నాడు నాతో.

"వేలిముద్రకు సాక్షి సంతకం కావాలమ్మా" అన్నాడు గుమస్తా. బ్యాగంతా వెతికినా నా దగ్గర పెన్ను లేదు. నాయన తన పెన్ను క్యాపు తీసి నా చేతికిచ్చాడు. ఆయన వేలిముద్ర పక్కన నా పేరు రాశాను. ఎక్కడా తగలకుండా, చప్పుడు లేకుండా జారిపోయింది.

నాయన వంగి చూశాడు. "బాగా రాస్తాండాది పాపా. నువ్వే పెట్టుకో."

అది నా దగ్గరే ఉంది. ఆదివారం ఆదివారం మరలు విప్పి, గోరువెచ్చని నీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి పెడతాను. పాళీ జోలికి మాత్రం పోను.