మిరప కల్లంలో ముత్తక్క కళ్లు

పర్ణశాల దగ్గరి మిరప కల్లాల్లో ముత్తక్క మాటంటే మాటే. ఎండిన కాయల రాశి ముందు ఆమె కూర్చుందంటే రంగు పోయిన తాలుకాయ ఒక్కటీ మిగిలేది కాదు. అందుకే ఏటా రైతు తుల్సీరాం కొబ్బరికాయ కొట్టి, మొదటి బస్తాలో మొదటి దోసిలి ఆమె చేతనే పోయించేవాడు. కూలి బతుకులో ఆమెకు దక్కిన గౌరవం అదొక్కటే. దాన్నెవరు లాక్కుంటారులే అనుకుంది పిచ్చిది.

రెండువేల ఆరులో కూలీల ట్రాక్టరు గుంతలో పడి, దాని వెనక ట్రక్కు ఇనుప రేకు ఆమె తలకు తగిలింది. చుక్క నెత్తురు రాలేదు. బొప్పి కడితే పసుపు పట్టించారు. బొప్పి తగ్గాక అందరూ మరిచిపోయారు.

కళ్లు మరిచిపోతేగా! రాశి ముందు కూర్చుంటే ఒక్కో కాయ రెండుగా కనిపించేది. పట్టుకోబోతే చెయ్యి కింద పరిచిన ఉత్త పరదా మీద పడేది. మధ్యాహ్నపు ఎండలో ఆ ఎరుపు చూస్తే తల పగిలిపోయేది, కడుపులో తిప్పేది. ముఠా మేస్త్రి భారతమ్మకు చెప్పుకుంటే కసురుకుంది.

"మిర్పకాయల కాడ కండ్లు మండకుంటే సల్లగుంటయా? మా కండ్లేమన్న రాళ్లా?"

నిజమే, కల్లంలో ఎవరి కళ్లు కారవు గనక! అక్కడే ముత్తక్క కొంప మునిగింది. ఆమె కన్నీళ్లు కూడా మిరప ఘాటుకే అనుకున్నారు.

ఎడమ కంటికి గుడ్డ కడితే కాయ ఒక్కటిగా కనబడింది. అట్లాగే కట్టుకుని ఏరుతుంటే తుల్సీరాం మొహం మాడ్చుకున్నాడు.

"శుభమా అని సరుకు మార్కెట్‌కు పోయే యాళ గీ ఒంటికన్నేంది? బస్తా నింపేనాడు గిట్లనే వస్తవా?"

ఆ మొదటి దోసిలి చేజారుతుందని ఆమెకు భయం పట్టుకుంది. మొగుడు దూలయ్యను బతిమాలి పట్నం దవాఖానాకు పోయింది. తల ఫొటో తీశారు, బాగుందన్నారు. కళ్ల డాక్టరు ఒక కన్ను మూయించి గోడమీది గుర్తులు అడిగాడు. చెప్పింది. రెండోది మూయించాడు. అదీ చెప్పింది. చూపు బ్రహ్మాండం అన్నాడాయన.

"సారూ, రెండు తెరిస్తేనే గదా నా బాధ! గట్ల సూడుండ్రి," అని మొత్తుకుంది. ఆయన అప్పటికే ఇంకొకరిని పిలిచాడు.

దూలయ్య ఊరుకున్నాడా? ఆ ఫిల్మును ఎండకెత్తి కల్లమంతా చూపించాడు. "ఏం లేదంట. అంత నాటకం!" ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

బస్తా నింపే రోజు ముత్తక్క పంతం కొద్దీ గుడ్డ విప్పేసింది. దోసిలి నిండా కాయలెత్తింది. ఎదురుగా రెండు బస్తా మూతులు. ఒకదాంట్లో పోసింది. కాయలన్నీ మట్టిలో పడ్డాయి.

"కడుపుమంట తీర్చుకున్నవా?" అని తుల్సీరాం అరిచాడు. చెయ్యి పట్టి పక్కకు లాగి, భారతమ్మను పిలిచి పోయించాడు.

ముత్తక్క మొగుడి వైపు తిరిగింది. "నేను కావాల్నని పారబోస్తనా? నువ్వన్న నమ్మయ్యా."

ఎదురుగా ఇద్దరు దూలయ్యలు నిలబడి ఉన్నారు. ఒక్కడూ నమ్మలేదు.