కత్తెర పెట్టనివ్వని సుగుణ మేడం

సుగుణ మేడం ఇక లేరన్న వార్తను జహీరాబాద్ నుంచి ఆమె చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. "అక్క పోయింది తమ్మీ. పొద్దుగాల పేపర్ సదువుకుంట కూసున్నది, గట్లనే ఒరిగింది" అని ఏడ్చింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు. దాన్ని దాచుకుని నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవడం నా వల్ల కాదు.

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పత్రికల, రిఫరెన్స్ విభాగానికి ఆమె అధిపతి. నేను ఆమె దగ్గర పనిచేసినవాణ్ణి. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, గెజిటీర్లు అన్నీ ఆమె సంరక్షణలోనే ఉండేవి. ఆమె ప్రాణం మాత్రం పేపర్లలోని జిల్లా పేజీల మీదే. హైదరాబాద్ శివారులోని మా లైబ్రరీకి నగర సంచికే వచ్చేది. ఆమె ఊరు జహీరాబాద్ పక్కనున్న కోహీర్‌లో పంట ఎండినా, ఝరాసంగం ఆటో బోల్తాపడినా ఆ వార్త అందులో ఉండదు. అందుకని ఆమె రోజూ డ్యూటీకి వచ్చేటప్పుడు జహీరాబాద్ బస్టాండ్‌లో జిల్లా పేపర్లు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవారు. ఏటా వాటిని బైండు చేయించేవారు.

ఒకసారి ఒక ప్రొఫెసర్ గారు తన సన్మానం వార్తను కత్తిరించుకోబోతే మేడం ఆయన చేతిలోని కత్తెర లాగేసుకున్నారు. "మీ ఫొటో ఎనుక ఎవరున్నరో సూసిన్రా సార్?" అని పేజీ తిప్పారు. తప్పిపోయిన ఒక ముసలాయన బొమ్మ ఉంది. "రేపు గీయన బిడ్డొచ్చి అడుగుతే నేనేం జెప్పాలె? జిరాక్స్ తీసుకోన్రి." ఆయన గొణుక్కుంటూనే తీసుకున్నారు.

ఝరాసంగం వైపు ఫలానా ఏడాది వడగండ్లు పడనే లేదని రాసుకొచ్చిన ఒక పరిశోధక కుర్రాణ్ణి కూడా ఆమె వదల్లేదు. "కంప్యూటర్ల దొరకకపోతే ఊర్ల జరగనట్టేనా? కూసో. ఒక పేపర్ సూసినంక ఇంకోటి సూడు. రెండిట్ల తేడా ఉంటే రెండూ రాయి" అని బైండ్లు అతని ముందు పెట్టారు. మధ్యాహ్నం తన డబ్బాలోని జొన్నరొట్టె సగం అతనికే పెట్టారు.

అలాంటి మనిషి రిటైరవగానే మా పెద్దలు పేపర్లు మాన్పించారు. అంతా ఆన్‌లైన్‌లో ఉందట! అద్దాల గది కట్టడానికి బైండ్లు అడ్డమట! విషయం తెలిసి ఆమె బస్సెక్కి వచ్చారు. "ఆన్‌లైన్ వద్దంటలేను సార్. అది గూడ గావాలె. అందుల జిల్లా పేజీ ఉన్నదా? గది జెప్పున్రి" అన్నారు. లేదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. చూద్దాం మేడం అన్నారు. ఆ వారంలోనే తుక్కు లారీ వచ్చింది. వడగండ్లూ, ఆ ముసలాయనా, అందరూ అందులోనే పోయారు.

మొన్న అదే అద్దాల గదిలో సంతాప సభ పెట్టారు. ఆమె లేని లోటు పూడ్చలేనిదని వంతులవారీగా సెలవిచ్చారు. పూడ్చలేనిదైతే ఆ లారీని ఎవరు పిలిచారయ్యా? సిగ్గుండాలి కదా! నేను లేచి అదే అడిగాను. సమయం లేదని మైకు తీసేసుకున్నారు.

ఆమె మరణవార్త ఫొటోతో సహా జిల్లా పేజీలో వచ్చింది. జహీరాబాద్‌లో ఆ పేపరు కొని, లైబ్రరీలో ఉంచమని తీసుకెళ్లి ఇచ్చాను. "పేపర్లు తీసుకుంటలేం సార్" అని కౌంటర్ నుంచి తిరిగి నా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి, ఫొటో వరకు ఫ్రేము కట్టిద్దామని కత్తెర తీశాను. పేజీ తిప్పి చూశాను. వెనక, అల్లం ధర పడిపోయి రోడ్డు మీద కూర్చున్న కోహీర్ రైతులున్నారు.

కత్తెర లోపల పెట్టేశాను. మేడం, నేను మీకు చేయగలిగిన నమస్కారం ఇంతే. ఆ పేజీ చెక్కుచెదరకుండా మా ఇంట్లో ఉంది. కావలసినవాళ్లు వచ్చి చదువుకోవచ్చు. లైబ్రరీలో మాత్రం అడక్కండి, అక్కడ దొరకదు.