కొండమ్మకు చెప్పులు పనికిరావట!

నాయుడుపేటలో నేను జాకెట్లు కుడతాను. నా స్నేహితురాలు పోలమ్మ వాళ్లది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ఎత్తంటే ఇసుకదిబ్బ తప్ప ఎరగని మా ఇద్దరికీ వెలిగొండలు ఎక్కే సరదా పుట్టింది.

పోయిన చలికాలంలో ఒక కొండ ఎక్కాం. కిందనే పోలమ్మ నా చెప్పులు విప్పించింది.

"పడవలోకి చెప్పులతో పోతామా అక్కా? కొండ కూడా అమ్మే గదా!"

రాళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి భక్తి నిలిచింది.

ఎండాకాలంలో మళ్లీ తీసుకెళ్లి, మళ్లీ విప్పించింది. పొద్దున్నే ఎక్కాం సరే, దిగేవేళకు కొండమ్మ అట్లపెనమైంది. ఏటవాలు బండ మధ్యలో అరికాళ్లు బొబ్బలెక్కి, అడుగు పడక, కింద లోయను చూసి ఏడ్చాను.

"కాళ్లు కాలిపోతన్నాయే!"

"పడవలో అయితే నీళ్లు చల్లుకుంటామక్కా," అంది పోలమ్మ. ఎంత పనికొచ్చే సలహా!

చివరికి వంగి, "ఎక్కు వీపు మీద. చేపల గంప కన్నా బరువుంటావా?" అంది. కింది దాకా మోసింది. టీ బంకు దగ్గర నలుగురి ముందూ నన్ను దించి, "గంపే నయం!" అని ప్రకటించింది. అందరూ నవ్వారు.

బొబ్బలు మానాయి, ఆ మాట మానలేదు. వానాకాలమంతా ఆమె ఫోను చేస్తే నేను ఎత్తలేదు. మొన్న సంతలో వాళ్లమ్మ కనబడి, "ఆ పొద్దు నిన్ను మోసి దాని కాళ్లకీ తోలూడిపోయింది. నీకు చెప్పొద్దనింది," అంది.

ఇన్నాళ్లూ జాగ్రత్తగా కాపాడుకున్న కోపాన్ని కూడా పోలమ్మ ఉంచుకోనివ్వదన్నమాట! ఇంటికొచ్చి నేనే ఫోను చేశాను.

"కొండకు వస్తా. ఆ టీ బంకు వాళ్ల ముందు నీ మాట వెనక్కి తీసుకోవాలి."

"తీసుకుంటాలే అక్కా. ముందు నువ్వు బరువు తగ్గు."

మరిచిపోదామనుకున్నా ఈ మనిషి మరిచిపోనిస్తేగా!