నర్సయ్య మామ ఖర్జూరాలు

శుక్రవారం. బీదర్‌లో ఎండ మండిపోయింది. పొద్దున నీళ్ల ట్యాంకు కడిగాను.

పక్కింటి నర్సయ్య మామకు పళ్లు లేవు. రక్తం తక్కువుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి సాయమ్మత్త రోజూ ఖర్జూరాలు పాలలో మెత్తగా ఉడికించి పెట్టేది. వేడికి వాటిలోని యాంటీ ఆక్సిడెంట్లు కొంత తగ్గొచ్చని, ఫ్రీజర్‌లో పెడితే అంతగా పోవని హైదరాబాద్ పేపర్లో చదివి, పోయిన వారం అత్తకు చెప్పాను. నేను మాట్లాడేదే తక్కువ కాబట్టి, మాట్లాడితే నమ్మేస్తారు.

ఈరోజు వెళ్లేసరికి మామ గడ్డకట్టిన ఖర్జూరాన్ని బుగ్గన పెట్టుకుని తంటాలు పడుతున్నాడు.

"ఏంది మామా ఇది?"

"నువ్వే జెప్పినవంట గదా అల్లుడా! వారమాయె, ఒక్కటి లోపలికి పోతలేదు. మీ అత్తేమో సత్తువ పోతదని ఉడకబెడ్తలేదు."

నాకు సిగ్గేసింది.

"ఉడకబెట్టు అత్తా. కొంత పోతే పోనీ, మిగిలిందన్న మామ కడుపులకు పోతది."

"గా ముక్క ఆ దినమే జెప్పరాదు?" అని అత్త పాలగిన్నె అందుకుంది.

చదివింది చెప్పేముందు, తినే మనిషి నోరు చూడాలని నాకు తట్టలేదు. మంచి చెప్పబోయి మీరూ ఎవరినైనా ఇలా పస్తు ఉంచారా?

ఇది రాస్తుండగానే గోడ అవతల నుంచి మామ కేక వినిపించింది: "అల్లుడా, గొంతు దిగింది!"