ఎగువ నీళ్లు

పరీక్షకు పంపాల్సిన నీళ్లు సీసాలో పట్టబోయి ఇంజనీరుగారు తమ ఎడమ బూటును ఏటికి సమర్పించుకున్నారు. అది కాస్త దూరం హుందాగా తేలి, మునిగిపోయింది. ఆయన ఒంటి బూటుతోనే సీసా నింపి, మూత బిగించి, గట్టెక్కారు.

ఇంత అవస్థ ఎందుకంటే, ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రం మీద దాని పెద్ద అయిన ఈ ఇంజనీరుగారికే నమ్మకం లేదు. దాన్ని నడిపేది బురదక్క. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే జల్లెడలో చిక్కిన గుడ్డపీలికలూ దువ్వెనలూ లాగి పారేసి, తొట్లలోకి గాలి కొట్టించి, నీళ్లను తేటగా ఏట్లోకి వదులుతోంది. ఆ పేరు ఊరు పెట్టిందే. కంపు తమది కాదు, ఆవిడదేనని ఊరివాళ్ల గట్టి అభిప్రాయం.

ఆవిడ ముందే చెప్పి చూసింది. "సార్, మన కేంద్రం నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గరే పట్టండి, బాగుంటాయి. పరీక్ష తప్పితే పోయేది నా ఉద్యోగమేగా!"

"నీకేం తెలుసమ్మా? పైనుంచి వచ్చే మంచినీళ్లు పడితే ఏ పేచీ ఉండదు," అని ఆయన ఎగువకు, తమ కాలనీ వెనక్కి నడిచారు. అంత తెలివి ఊరికే రాదు. ఆయన చాలా చదివారు.

వారానికి ఫలితం వచ్చింది. సీసాలోది అచ్చం మురుగేనని తేల్చారు. ఇంజనీరుగారు కాగితం ఊపుకుంటూ వచ్చిపడ్డారు.

"ఇన్నేళ్లుగా ఏం కడుగుతున్నావమ్మా? నీ ఉద్యోగం ఊడటం ఖాయం. ఇవి శుద్ధి చేసిన నీళ్లేనా?"

"కావు సార్, మీ కాలనీ మురుగుకాలువ తిన్నగా ఏట్లోకే పోతోంది, ఇటు తిప్పించండి, అవీ కడిగిపెడతాను."